ఫోను నాదే... తాళంచెవి మాత్రం నా దగ్గర లేదు!

"అమ్మా, నీ జీమెయిల్ పాస్‌వర్డ్ చెప్పు" అన్నాడు మా అబ్బాయి.

నేను వాడి మొహం చూశాను. వాడు నా మొహం చూశాడు. ఇద్దరం కలిసి మావారి మొహం చూశాం. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు!

సంగతేమిటంటే, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మావాడు మొన్న సంక్రాంతికి తిరుపతి వస్తూ, తను వాడిన ఐఫోన్ 13 నాకోసం తెచ్చాడు. తను కొత్తది కొనుక్కున్నాడట. "ఆ ఆండ్రాయిడ్ పక్కన పడెయ్యమ్మా... పది నిమిషాల్లో అన్నీ ఇందులోకి మార్చేస్తా" అన్నాడు. ఆ పది నిమిషాలు కాస్తా మూడు రోజులయ్యాయి. ఆ మూడు రోజుల్లో నాకు తెలిసొచ్చిన సంగతి మీ అందరితో చెప్పుకోవాలనే ఇదంతా రాస్తున్నాను.

దుకాణంలో పుట్టిన ఖాతా

నేను మొదటి స్మార్ట్‌ఫోను కొన్నది 2016లో. ఊళ్లోనే ఒక దుకాణంలో తీసుకున్నాం. ఫోను చేతికిస్తూ అక్కడి కుర్రాడు "అక్కా, జీమెయిల్, పాస్‌వర్డ్ అన్నీ నేనే పెట్టేసినా. మీకు దాంతో పనేం రాదు" అన్నాడు. నాకూ హాయిగానే అనిపించింది. ఎవరైనా చేసిపెడితే వద్దంటామా! నా పేరు వెనకాల ఏవో నాలుగు అంకెలు తగిలించి ఖాతా తెరిచాడు. పాస్‌వర్డ్ ఏం పెట్టాడో అతనికీ ఆ దేవుడికే తెలియాలి.

2019లో ఆ ఫోను మూలనపడింది. ఇంకోటి కొన్నాం. అప్పుడూ అంతే. పాతది, కొత్తది రెండూ బల్లమీద పెట్టి, మేం పక్కన కాఫీ తాగి వచ్చేలోగా "అయిపోయిందక్కా" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే నంబర్లన్నీ ఉన్నాయి. వాట్సాప్‌లో పాత మాటలు మాత్రం ఒక్కటీ లేవు. "పోతే పోయాయిలే, ఆ గుడ్‌మార్నింగులు ఏం చేసుకుంటావ్!" అన్నారు మావారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. పాత ఫోను అప్పటికే మార్పిడి కింద దుకాణానికి ఇచ్చేశాం.

ఆ మాటల్లో మా అమ్మ గొంతు ఉందన్న సంగతి అప్పుడు తట్టలేదు.

అమ్మ పాకాల దగ్గర మా ఊళ్లోనే ఉండేది. చదువు పెద్దగా లేదు. అక్షరాలు కొట్టడం రాదు గనక మైకు బొమ్మ నొక్కి పట్టుకుని మాట్లాడి పంపేది. "పాపా, వాన వచ్చేట్టుండాది, గొడుగు ఎత్తుకోని పో" అనీ, "ఊరిబిండికి చెనిక్కాయలు మాడనీకుండా ఏయించు, మాడితే చేదొస్తుంది" అనీ... రోజుకు రెండు మూడన్నా ఉండేవి. 2021లో అమ్మ పోయింది. 2019 తర్వాత పంపినవి మాత్రమే నా ఫోనులో మిగిలాయి. అంతకుముందు మూడేళ్లవి ఆ దుకాణం బల్లమీదే పోయాయి.

అందుకే ఈసారి ఫోను మార్పిడి అనగానే, "ఏం పోయినా ఫర్వాలేదుగానీ అమ్మ మాటలు పోకూడదు" అని మావాడికి గట్టిగా చెప్పేశాను.

మూసిన తలుపు దగ్గర...

ముందు జీమెయిల్ సంగతి చూద్దామన్నాడు. నా ఫోటోలు, నంబర్లు అన్నీ ఆ ఖాతాలోనే ఉన్నాయట. పాస్‌వర్డ్ తెలిస్తే వాటిని పనిగట్టుకుని మార్చనక్కరలేదు. ఐఫోనులో అదే ఖాతాతో గూగుల్ ఫోటోస్ తెరిస్తే చాలు, అన్నీ కనిపిస్తాయి. తెలియకపోతేనే చిక్కు. "మర్చిపోయాను" అని నొక్కితే, ఫలానా నంబరుకు కోడు పంపుతామంది. తీరా చూస్తే అది మావారు ఏనాడో మానేసిన సిమ్ము నంబరు! ఇప్పుడది ఎవరి చేతిలో ఉందో!

మా అదృష్టం ఏమిటంటే, పాత ఫోను ఇంకా నా చేతిలోనే ఉంది, ఖాతా అందులో తెరిచే ఉంది. ఆ ఫోనులోనే సెట్టింగ్స్‌లోకి పోయి, గూగుల్ అన్నచోట పాస్‌వర్డ్ మార్చబోతే, రోజూ ఫోను తెరవడానికి నేను గీసే గీత అడిగింది. గీశాను. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమంది. అమ్మయ్య! ఆ పాత ఫోనును మావాడు చెప్పినట్టు ముందే "పక్కన పడేసి" ఉంటే, లేదా మొత్తం చెరిపేసి ఉంటే, నా ఇంటికి నేనే దొంగలా గోడ దూకాల్సి వచ్చేది.

ఇక వాట్సాప్. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ మాటలు గూగుల్ డ్రైవ్‌లో దాచుకుంటాం గదా, ఐఫోనుకు ఆ దాపరికంతో పని లేదట. తెరవలేదు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మాటలు మార్చే సౌకర్యం వాట్సాప్ చాలాకాలం ఇవ్వనే లేదు. ఐఫోను నుంచి ఆండ్రాయిడ్‌కు 2021లో, అదీ ముందు శాంసంగ్ ఫోన్లకు ఇచ్చారు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోనుకు దారి తెరిచింది 2022లో. దానికో షరతు ఉంది. ఐఫోను అప్పుడే పెట్టెలోంచి తీసినట్టు, ఏమీ లేకుండా ఉండాలి. మావాడేమో తొందరపడి అప్పటికే దాన్ని తెరిచి సిద్ధం చేసేశాడు. మళ్లీ మొత్తం చెరిపి మొదటికొచ్చాం!

రెండో రోజు సాయంత్రం రెండు ఫోన్లనూ చార్జింగుకు పెట్టాం. పాత ఫోనులో 'మూవ్ టు ఐఓఎస్' అనే యాప్ వేసుకున్నాం. ఆపిల్ వాళ్లది, 2015 నుంచీ ఉంది. ఐఫోను ఒక కోడు చూపిస్తే దాన్ని పాత ఫోనులో కొట్టాను. ఏమేం మార్చాలో అడిగితే వాట్సాప్ ఎదుట టిక్కు పెట్టాను. అంతే, కదలకుండా కూర్చున్నాం. మధ్యలో ఎవరైనా ఫోను చేస్తారేమోనని భయం, కరెంటు పోతుందేమోనని భయం. పాలు పొంగుతాయేమోనని పొయ్యి దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డాను.

అయ్యాక ఐఫోనులో వాట్సాప్ వేసుకుని అదే నంబరుతో తెరిచాను. అమ్మ పేరు వెతికి నొక్కాను.

"పాపా, బస్సు దిగినాక ఒక మాట ఫోన్ చెయ్యి..."

మావారు పేపరు పక్కన పెట్టారు. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

అత్తారింటి వంటిల్లు

ఫోను మారాక మొదటి వారం ఎట్లా ఉంటుందో తెలుసా? కొత్త కోడలు అత్తారింటి వంటింట్లో పోపుల డబ్బా వెతుక్కున్నట్టే! అన్నీ ఉంటాయి, ఏదీ మనం అనుకున్నచోట ఉండదు. వెనక్కి పోయే బాణం ఏదీ? లేదు! తెర ఎడమ అంచు నుంచి వేలితో లోపలికి జరపాలి. మావారి చార్జరు దీనికి పట్టదు. ఐఫోన్లకు అందరూ వాడే సి-టైపు తీగ వచ్చింది 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచే. నాది 13 గదా! ఉచితంగా దాచుకునే చోటు కూడా గూగుల్‌లో 15 జీబీ ఉంటే ఇక్కడ 5 జీబీయే.

మూడో రోజు కూరగాయలకు పోయి, అలవాటుగా ఫోను తీశాను. డబ్బులు పంపే యాప్ తెరుచుకోలేదు. కొత్త ఫోనులో మళ్లీ మన సిమ్ము నుంచి ఎస్సెమ్మెస్ పోయి, బ్యాంకు ఒప్పుకోవాలి. ఆ తర్వాత కూడా మొదట్లో సాధారణంగా 5,000 రూపాయల వరకే పంపనిస్తారు. మోసగాళ్ల నుంచి కాపాడటానికే అనుకోండి. పర్సులో చిల్లర ఉంది గనక వంకాయలు ఇంటికొచ్చాయి.

తెలుగు సంగతీ చెప్పాలి. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు పడే అలవాటు నాది. ఐఫోనులో అది ఉండదేమోనని దిగులుపడ్డాను. 2024లో వచ్చిన ఐఓఎస్ 18తో ఆపిల్ వాళ్లు ఆ పద్ధతి తెలుగుకూ ఇచ్చారు. వెనకటికి మన తెలుగు ఐఫోనుకు ఎంత పని చెప్పిందో గుర్తుందా? 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో కలిసి వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి. ఆ నెలలోనే ఆపిల్ దాన్ని సరిచేసింది. జ్ఞానం తట్టుకోలేకపోయిందన్నమాట!

"నా ఐడీనే ఉంచుకో అమ్మా"

ఇంత జరిగాక కూడా మావాడు ఒక మాటన్నాడు. "ఆపిల్ ఐడీ నాదే ఉంచేస్తా అమ్మా, నీకెందుకు ఈ గొడవంతా!"

ప్రేమతోనే అన్నాడు. దుకాణం కుర్రాడూ మర్యాదగానే అన్నాడు. మావారూ నాకు శ్రమ తగ్గించాలనే తన నంబరు ఇచ్చారు. ఎవరినీ తప్పు పట్టలేను. కానీ అట్లా ఉంచుకుంటే నా ఫోటోలు, నంబర్లు వాడి ఖాతాలోకి పోతాయి. వాడు పాస్‌వర్డ్ మార్చుకున్న రోజు నేను బయట నిలబడాలి. "వద్దు నాయనా, నాకు వేరేది తెరువు. తెరువు అంటే... నువ్వు పక్కన కూర్చో, నేనే తెరుస్తా" అన్నాను. రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారికి వచ్చింది.

మా పక్కవీధి అమ్మాయి శ్రీసిటీలో ఫోన్ల ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. షావోమీ వాళ్లు మనదేశంలో తయారైన తమ మొదటి ఫోను, రెడ్‌మి 2 ప్రైమ్, 2015 ఆగస్టులో శ్రీసిటీ ఫాక్స్‌కాన్ యూనిట్ నుంచే తెచ్చారు. అప్పుడది చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. అక్కడ బిగించే చేతుల్లో ఎక్కువ ఆడపిల్లలవే. ఐఫోన్లూ దూరంగా ఏం తయారు కావడంలేదు. అటు శ్రీపెరుంబుదూరులో, ఇటు కోలారు జిల్లా నరసాపురలో తయారవుతున్నాయి. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో తాము సొంతంగా వాడుకునే ఫోను ఉన్న ఆడవాళ్లు నూటికి 49 మందే. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడినవాళ్లు 21 మంది. ఫోను చేతిలో ఉన్న ఆ 49 మందిలోనూ ఖాతా తాళంచెవి తమ దగ్గరే ఉన్నవాళ్లు ఎందరు? మొన్నటిదాకా నేను లేను.

తిరుమల కొండమీద దర్శనానికి పోయేటప్పుడు ఫోను కౌంటరులో అప్పజెబుతాం. ఎంత తోపులాటలోనూ ఆ రసీదు మాత్రం కొంగున ముడివేసుకుంటాం గదా! లేకపోతే మన ఫోను మనకు ఇవ్వరు. ఈ పాస్‌వర్డ్ కూడా అంతే. ఫోను మన చేతిలో ఉంది గదా అని రసీదు వేరేవాళ్ల దగ్గర వదిలేస్తున్నాం.

మీరూ ఫోను మారుస్తున్నారా? 

* మార్చకముందే మీ జీమెయిల్ పేరు, పాస్‌వర్డ్ మీకు తెలుసో లేదో చూసుకోండి. కోడు వచ్చే నంబరు మీదే అయ్యుండాలి, ఇప్పుడు వాడుతున్నదే అయ్యుండాలి. 

* పాస్‌వర్డ్ ఒక పుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకోండి. ఫోనులోనే రాసుకుంటే ఫోను పోయినరోజు అదీ పోతుంది. 

* వాట్సాప్ మాటలు కావాలంటే కొత్త ఐఫోను తెరిచి సిద్ధం చేసుకునేటప్పుడే మార్చుకోండి. తర్వాత అంటే మళ్లీ చెరిపి మొదలెట్టాల్సిందే. 

* ఎవరైనా వాడిన ఐఫోను తీసుకుంటే, వాళ్ల ఆపిల్ ఖాతా అందులోంచి పూర్తిగా తీసేయించుకోండి. లేకపోతే చెరిపాక కూడా అది వాళ్ల పాస్‌వర్డే అడుగుతుంది. 

* డబ్బు పంపే యాప్ పిన్ను మీరే కొట్టండి. దుకాణంలో వాళ్లకైనా, ఇంట్లో వాళ్లకైనా చెప్పొద్దు. 

* పాత ఫోనును కనీసం రెండు వారాలు ఇంట్లోనే ఉంచండి. అన్నీ వచ్చాయని మీరే చూసుకున్నాక, ఖాతా తీసేసి, చెరిపి, అప్పుడు ఇవ్వండి. 

మొన్న మా పక్కింటావిడ "మా పాప ఐఫోను కొనిస్తానంటోంది వదినా, బాగుంటుందా?" అని అడిగింది. "బాగానే ఉంటుందిగానీ, ముందు ఇది చెప్పు... నీ జీమెయిల్ పాస్‌వర్డ్ నీకు తెలుసా?" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి, "ఏమండీ..." అని పిలిచింది.

"ఆయన్ని పిలవద్దులే. నీ ఫోను ఎత్తుకోని ఇట్లా రా" అన్నాను.