వేగం పెంచాలా... పెట్టె జరపాలా?

"మా... నెట్ మళ్ళీ సుట్లు తిరగతా ఉండాది. ఈ నెలన్నా పెద్ద ప్లాన్ ఏయించమని నాయనకి చెప్పు మా!"

తిరుపతి కొర్లగుంటలో అయినా, చిత్తూరు గ్రీమ్స్‌పేటలో అయినా ఈ మాట వినపడని ఇల్లు తక్కువే. అబ్బాయికి ఆట ఆగిపోతుంది. అమ్మాయికి క్లాసులో మాస్టారి బొమ్మ బిగుసుకుపోతుంది. సరిగ్గా అదే సమయానికి కంపెనీ నుంచి ఫోను... "మేడమ్, వంద ఎంబీపీఎస్‌కి మారితే ఏ ఇబ్బందీ ఉండదు!" ఇంతమంది ఒకే మాట అంటుంటే నిజమే కాబోలు అనిపిస్తుంది.

కానీ నెలాఖరున లెక్క చూసుకునేది ఇల్లాలు. 399 రూపాయల ప్లాన్ నుంచి 999 రూపాయల ప్లాన్‌కి మారితే తేడా 600 అనుకుంటాం. దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంది. అంటే నెలకు 708. ఏడాదికి 8,496 రూపాయలు! అమ్మాయి కోచింగ్ ఫీజులో ఒక కంతు తీరిపోయే డబ్బు. ఇంత పెట్టేముందు ఒక్క ఆదివారం కూర్చుని లెక్క వేసుకుంటే తప్పేముంది?

మనింటికి ఎంత కావాలి?

ఈ వేగాల సంగతి ముందు చూద్దాం. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగం మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు మనకు దగ్గర్లో అది వచ్చింది మద్రాసుకే. టెలిఫోను తీగ మీద కుయ్యిమంటూ మోగి, ఒక్క బొమ్మ తెరుచుకునేలోపు కాఫీ తాగి రావచ్చు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ రాష్ట్ర ప్రభుత్వ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించాక, కరెంటు స్తంభాల మీదుగా మన వీధుల్లోకీ ఆ సన్న తీగ వచ్చింది. 2020 లాక్‌డౌన్‌తో అది పాలు, గ్యాసు లాగా ఇంటి అవసరమైపోయింది. 2023లో కేంద్రం మార్చిన నిర్వచనం ప్రకారం కనీసం 2 ఎంబీపీఎస్ ఉంటే దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చు. మన ఇళ్ళల్లో ఉండే చిన్న ప్లాన్ కూడా చాలా చోట్ల 30 ఎంబీపీఎస్. దానికి పదిహేను రెట్లు!

సరే, రాత్రి తొమ్మిది గంటలప్పుడు మామూలు ఇల్లు ఒకటి ఊహించుకోండి. హాల్లో టీవీలో సినిమా... మంచి స్పష్టతతో రావడానికి 5 ఎంబీపీఎస్ చాలు. లోపలి గదిలో అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు, గట్టిగా వేసుకుంటే 4. ఆయన ఫోనులో వీడియోలకు ఒక 3. మీరు అమెరికాలో చెల్లెలితో వీడియో కాల్ మాట్లాడుతుంటే 2. మొత్తం 14. ముప్ఫైలో సగం కూడా కాలేదు!

అదే టీవీ కొత్తగా కొన్న 4కె టీవీ అయి, అందులో 4కె సినిమాలే చూస్తుంటే ఆ ఒక్కదానికే 15 కావాలి. పైగా బెంగళూరు కంపెనీలో పనిచేసే అబ్బాయి ఇంటి నుంచే మీటింగులో కూర్చుంటే ఇంకో 4. ఇప్పుడు లెక్క 28కి వచ్చింది. ఇలాంటి ఇంటికి 30 చాలదు, పెంచుకోవాల్సిందే. పిల్లలు యాభై, వంద జీబీల ఆటలు దించుకునే ఇంట్లోనూ పెద్ద ప్లాన్ తేడా కనిపిస్తుంది. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 40 ఎంబీ కాదు సుమా! ఎనిమిదితో భాగించాలి, 5 ఎంబీ అన్నమాట. వంద జీబీ ఆట దిగడానికి అయిదున్నర గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి దిగి ఉంటుందనుకోండి... అది వేరే సంగతి.

దర్శనం టికెట్ల కోసమా?

తిరుపతిలో ఉండి ఈ ప్రశ్న అడక్కుండా ఉండలేం. ఏ ఊళ్ళో బంధువులు ఉన్నా "మీరక్కడే ఉన్నారు కదా, మూడు వందల టికెట్లు చూసి పెట్టండి" అని మనకే చెబుతారు. మూడు నెలల తర్వాతి దర్శనానికి కోటా పొద్దున 10 గంటలకు విడుదలవుతుంది. పదికి సైటు తెరిస్తే "వేచి ఉండండి" అని వస్తుంది. మన వంతు వచ్చేలోపు కావాల్సిన రోజు నిండిపోతుంది. "నెట్ స్లో, అందుకే దొరకలేదు" అని ఇంట్లో తీర్పు!

ఆ వరుస ఉన్నది దేవస్థానం సైటు దగ్గర, మన హాల్లో కాదు. ఆ పేజీ తెరుచుకోవడానికి చిన్న ప్లాన్ కూడా ఎక్కువే. వంద కాదు, మూడు వందల ఎంబీపీఎస్ పెట్టించినా క్యూలో మనం ముందుకు వెళ్ళం. పనికొచ్చేది ఏమిటంటే... పది గంటలకు ముందే లాగిన్ అయి ఉండటం, అందరి పేర్లు, ఆధార్ నంబర్లు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోవడం, ఓటీపీ వచ్చే ఫోను చేతిలో ఉంచుకోవడం. మధ్యలో నెట్ తెగిపోకుండా ఉండాలి, అంతే. వేగం వేరు, తెగకుండా ఉండటం వేరు.

పెట్టె ఎక్కడుంది?

చాలా ఇళ్ళల్లో అసలు రోగం ఇక్కడే ఉంది. కేబుల్ అబ్బాయి వచ్చినప్పుడు తీగ దగ్గరగా ఉందని వీధి గదిలో టీవీ వెనకాల పెట్టె బిగించి పోతాడు. మన పాత ఇళ్ళు చూస్తే రైలు పెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటి గదులు, మందపాటి గోడలు, మధ్యలో ఇనుప బీరువా. టీవీ చూసే మగవాళ్ళకు నెట్ బ్రహ్మాండంగా ఉంటుంది. పెరటి వైపు గదిలో చదువుకునే ఆడపిల్లకు, వంటింట్లో ఫోను పెట్టుకుని చీరల ఆర్డర్లు చూసుకునే ఇల్లాలికి మాత్రం రాదు. "నాకు బాగానే ఉందే!" అంటాడు ఆయన. ఆయనకు బాగానే ఉంటుంది మరి.

దీన్ని తేల్చడం సులువు. ఫోనులో వేగం చూపించే స్పీడ్ టెస్ట్ యాప్ ఉచితంగానే దొరుకుతుంది. ముందు పెట్టె పక్కన నిలబడి చూడండి. తర్వాత వెనక గదిలో చూడండి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి. రాసి పెట్టుకోండి. పెట్టె దగ్గర 30 వచ్చి వెనక గదిలో 3 వస్తుంటే, ప్లాన్ పెంచడం దండగ. కుళాయి పాడైతే ట్యాంకు పెద్దది కట్టించినట్టు! పెట్టెను మధ్య గదిలోకి, కాస్త ఎత్తులోకి మార్పించండి. బీరువా, అద్దం, చేపల తొట్టి పక్కన వద్దు. ఇల్లు మరీ పొడుగైతే వెనక గది దాకా ఒక తీగ లాగించి అక్కడ రెండో పెట్టె పెట్టించుకోవచ్చు. ఒక్కసారి ఖర్చు, నెలనెలా కాదు.

చాలా పెట్టెల్లో వైఫై రెండు పేర్లతో కనిపిస్తుంది. ఒకదాని చివర 5జి అని ఉంటుంది. అది సెల్‌ఫోన్ 5జి కాదు. వేగం ఎక్కువ, కానీ గోడలు దాటలేదు. పెట్టె ఉన్న గదిలో అది, దూరపు గదుల్లో రెండోది వాడుకుంటే సగం గొడవ తీరుతుంది.

పెట్టె పక్కనే, మిగతా ఫోన్లన్నీ ఆపి చూసినా ప్లాన్‌లో చెప్పిన వేగం రాకపోతే ఆ తప్పు కంపెనీది. ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. కేబుల్ అబ్బాయితో నోటిమాటగా చెబితే లాభం లేదు. నంబరు ఉంటేనే, పరిష్కారం కాకపోతే అదే కంపెనీలో అప్పీలుకు వెళ్ళడానికి వీలవుతుంది. పగలంతా బాగుండి, అందరూ ఇంట్లో ఉన్న రాత్రిపూట మాత్రమే పెట్టె దగ్గర కూడా ఆగుతోందా? అప్పుడు మీ ఇంటి లెక్క మళ్ళీ కూడండి. ఆ మొత్తం ప్లాన్‌కు దగ్గర పడుతుంటే పెంచండి. అప్పుడు కూడా ఆరు నెలలకు ముందే కట్టేయకుండా ఒక నెల చూడటం మేలు. తగ్గించుకోవాలంటే ఎప్పుడు తగ్గిస్తారో ముందే అడగండి.

పెద్ద ప్లాన్‌తో సినిమాల యాప్‌లు ఉచితం అంటారు. వాటిలో మీ ఇంట్లో ఇప్పటికే డబ్బు కట్టి చూస్తున్నవి ఎన్ని? అవి రెండు మూడు ఉంటే లాభమే. లేకపోతే పిల్లల పరీక్షల ముందు ఇంట్లోకి కొత్త కాలక్షేపం తెచ్చుకున్నట్టే!

కరెంటు పోతే పెట్టె కూడా ఆరిపోతుంది, ఏ ప్లాన్ అయినా సరే. పెట్టెకు మాత్రమే పనికొచ్చే చిన్న బ్యాటరీ యూపీఎస్‌లు రెండు వేల లోపే దొరుకుతున్నాయి. ఆన్‌లైన్ క్లాసులు, ఇంటి నుంచి ఉద్యోగం ఉన్న ఇంట్లో వేగం కన్నా ముందు కొనాల్సింది ఇదే అంటాను నేను.

మేడ మీద విద్యార్థులకు గదులు అద్దెకిచ్చే ఇళ్ళు తిరుపతిలో వీధి వీధికీ ఉన్నాయి. "ఆంటీ, వైఫై పాస్‌వర్డ్..." అని పిల్లలు అడిగితే మొహమాటపడి చెప్పేస్తాం. నలుగురు కుర్రాళ్ళు కలిస్తే మీ ముప్ఫై ఎటు పోయిందో తెలియదు. అంతకన్నా ముఖ్యం, ఆ కనెక్షన్ మీద ఎవరు ఏం చేసినా ముందు అడిగేది అది ఎవరి పేరున ఉందో వాళ్ళనే. వాళ్ళ కనెక్షన్ వాళ్ళనే పెట్టించుకోమనండి. ఇప్పటికే చెప్పేసి ఉంటే, ఈ రోజే పాస్‌వర్డ్ మార్చి చూడండి. పెద్ద ప్లాన్ అక్కర్లేదని రేపటికే తేలిపోవచ్చు.