చెవిలో బూజు

వానాకాలంలో తోలు చెప్పుల మీద, నిలవ రొట్టె మీద బూజు పట్టడం మీరు చూసే ఉంటారు. అది మన చెవిలో కూడా పెరుగుతుందంటే నమ్ముతారా?

నా తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాడుండేవాడు. వేసవి సెలవులు అయ్యాక, ఏమడిగినా పలకడం మానేశాడు. పరధ్యానమనుకుని కోప్పడ్డాను. ఒకనాడు చెవిలో పిన్నీసు తిప్పుతూ కనిపించాడు. "దురద మాస్టారూ! సరిగా వినపడటంలేదు కూడా" అన్నాడు. డాక్టరుగారు చూస్తే, చెవిలో తడిసిన కాగితపు ముద్దలాంటి పదార్థం, దాని మీద నల్లని చుక్కలు!

అది ఆస్పర్జిల్లస్ నైగర్ అనే శిలీంధ్రం. నల్లని చుక్కలు దాని సిద్ధబీజాలు. కాండిడా అనే మరో శిలీంధ్రం కూడా చెవిలో పెరుగుతుంది. అది తెల్లగా ఉంటుంది.

సిద్ధబీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. మరి అందరి చెవుల్లోనూ ఎందుకు మొలకెత్తవు? గుబిలి వల్ల! పెద్దవారిలో చెవి నాళం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. దాని వెలుపలి భాగంలోని గ్రంథులు గుబిలిని తయారుచేస్తాయి. జిడ్డుగా ఉండే గుబిలి చర్మాన్ని నీటికి నాననివ్వదు. దానికి కొద్దిగా ఆమ్ల గుణం కూడా ఉండటం వల్ల సూక్ష్మజీవులు సులభంగా పెరగలేవు. మనం అసహ్యించుకునే గుబిలి నిజానికి కాపలాదారు!

మన కుర్రవాడు సెలవుల్లో రోజూ కాలువలో ఈదాడు. చెవి తడి ఆరలేదు. దురద పుడితే పిన్నీసుతో గుబిలి గీకేశాడు, చర్మం గీసుకుపోయింది. తడి, వెచ్చదనం, చీకటి, రాలిన చర్మపు పొరలు - బూజుకు ఇంకేం కావాలి? చెవిపోటుకని ఇంట్లో నూనె కాచి పోశారు. దానితో తగ్గలేదు సరికదా, చెవి మరింత మూసుకుపోయింది.

యాంటీబయాటిక్ చుక్కలను ఎక్కువ రోజులు వాడినా ఈ జబ్బు రావచ్చు. అవి బాక్టీరియాను చంపుతాయి. పోటీ లేని చోట శిలీంధ్రం విజృంభిస్తుంది.

డాక్టరుగారు బూజును జాగ్రత్తగా తీసి, శిలీంధ్రాలను చంపే చుక్కలు ఇచ్చారు. కొన్ని వారాల్లో నయమయింది.

మీరు ఈదిన తరువాత తల పక్కకు వంచి నీరు పోనివ్వండి. చెవి బయటి భాగాన్ని పొడిబట్టతో తుడవండి. పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక లోపల పెట్టకండి. డాక్టరు చెప్పనిదే నూనె గాని మందు గాని పోయకండి. కర్ణభేరికి రంధ్రముంటే ప్రమాదం.

తమాషా ఏమిటంటే, 1919 నుంచీ కర్మాగారాల్లో సిట్రిక్ ఆమ్లం తయారీకి వాడుతున్నది ఈ నైగర్‌నే! ఉండవలసిన చోట ఉంటే మేలే చేస్తుందన్నమాట.

నేను కూడా ఒక పాఠం నేర్చుకున్నాను. పలకని పిల్లవాణ్ణి కోప్పడేముందు, "వినపడుతోందా నాయనా?" అని ఇప్పుడు అడుగుతున్నాను.