గోడ లోపల కూడా ఒక కొలువుంది!

‘అన్నా, నేను సైకాలజీ చదువుతున్నా. క్లినిక్ పెట్టేంత పైసలు లేవు, హెచ్‌ఆర్ జాబ్ అంటే ఇష్టం లేదు. ఇంకేం దారుంది?’

పోయిన పండక్కి కుల్కచర్ల పోయినప్పుడు మా వీధి చెల్లెలు అడిగిన ప్రశ్న ఇది. నేనేమో ఇంజినీరింగ్ చదివి ఫోన్ల గురించి బ్లాగ్ రాసుకునేవాణ్ని. జవాబు తోచలేదు కానీ, నా స్కూల్ దోస్తు ఒకడు గుర్తొచ్చాడు.

వాడు బైక్ దొంగతనం కేసులో మూడు నెలలు జైల్లో ఉండి బెయిల్ మీద బయటికొచ్చాడు. ఊళ్లో ఎవరూ పనికి పిలవలేదు. బస్టాండ్‌లో ఎదురైతే నేను కూడా ఫోన్ చూసుకుంటున్నట్టు నటించి పక్కకు తప్పుకున్నా. ఏడాది తిరగకముందే మళ్లీ అలాంటి కేసులోనే లోపలికి పోయాడు. ‘ఎందుకు చేశావ్, ఇప్పుడేం చేస్తావ్’ అని వాడితో కూర్చుని మాట్లాడిన మనిషి ఒక్కరూ లేరు.

అలా కూర్చుని మాట్లాడటం కూడా ఒక వృత్తే. చెల్లెలి కోసం వెతికితే తెలిసిన సంగతులివి.

మన దగ్గరి కథే

1977లో గియాసుద్దీన్ కేసు ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఉద్యోగాలు ఇప్పిస్తానని యువకులను మోసం చేసిన కేసు అది. జస్టిస్ కృష్ణయ్యర్ మూడేళ్ల శిక్షను పద్దెనిమిది నెలలకు తగ్గించారు. అంతటితో ఆగలేదు. అతనికి జైల్లో బుర్రకు పదునుపెట్టే పని ఇవ్వాలని, మనిషిని బాగుచేయడమే శిక్ష ఉద్దేశమని చెప్పారు. 2017లో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకేసింది. ఖైదీలకు, ముఖ్యంగా మొదటిసారి జైలుకొచ్చినవారికి, కౌన్సెలర్లను పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది.

తెలంగాణ జైళ్లలో ‘ఉన్నతి’ అనే కార్యక్రమం ఈ దారిలోనే వచ్చింది. ఉస్మానియా సైకాలజీ ప్రొఫెసర్ బీనా చింతలపూరి దాన్ని రూపొందించారు. కోపం, తప్పుడు ఆలోచనల అలవాటు, మళ్లీ నేరం వైపు లాగే పరిస్థితులు... వీటిని ఖైదీ తనంతట తాను గుర్తుపట్టేలా చేయడమే దాని పని.

రోజూ చేసే పనేంటి?

కెనడా సైకాలజిస్టులు ఆండ్రూస్, బోంటా 1990లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ ఈ రంగానికి పునాది. అందులో మూడు ప్రశ్నలుంటాయి. ఈ మనిషి మళ్లీ నేరం చేసే ప్రమాదం ఎంత? ఆ ప్రమాదాన్ని పెంచుతున్నది ఏంటి: తాగుడా, స్నేహాలా, పని లేకపోవడమా? ఇతనికి ఏ తీరులో చెబితే ఎక్కుతుంది? చదువు రాని మనిషి చేతిలో వర్క్‌బుక్ పెడితే లాభం ఉండదు కదా!

ఇంకో చిక్కుంది. మన దేశ జైళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే. రేపే బెయిల్ రావచ్చు, ఏడాదైనా రాకపోవచ్చు. అందుకే చిన్న చిన్న సెషన్లలోనే పని జరగాలి. ఆత్మహత్య ఆలోచనలున్నవారిని మొదటి రోజుల్లోనే కనిపెట్టాలి.

పని గోడ బయట కూడా ఉంటుంది. 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద కోర్టు కొందరిని జైలుకు పంపకుండా మంచి నడవడికకు బాండ్ తీసుకుని వదులుతుంది. వారి ఇంటి పరిస్థితులపై రిపోర్టు ఇచ్చేది, తర్వాత కనిపెట్టుకుని ఉండేది ప్రొబేషన్ అధికారి.

ఏం చదవాలి?

ఎంఏ సైకాలజీ ఒక దారి. ఎంఎస్‌డబ్ల్యూ ఇంకో దారి, దీనికి సాధారణంగా ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ముంబయి టిస్‌లో క్రిమినాలజీ అండ్ జస్టిస్ స్పెషలైజేషన్ ఉంది. వాళ్ల ‘ప్రయాస్’ ప్రాజెక్టు 1990 నుంచి జైళ్లలో పనిచేస్తోంది. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఫోరెన్సిక్ సైకాలజీ చదవొచ్చు. ఒక్క మాట గుర్తుంచుకోండి: క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీస్ చేయాలంటే ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న కోర్సు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అడ్మిషన్ తీసుకునే ముందే చూసుకోండి.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే...

పర్మనెంట్ పోస్టులు తక్కువ. నోటిఫికేషన్ కోసమే ఎదురుచూస్తే ఏళ్లు గడుస్తాయి. చాలామంది కాంట్రాక్టు కొలువులతో, స్వచ్ఛంద సంస్థలతో, బాలల సంరక్షణ విభాగాల్లో, డీ-అడిక్షన్ సెంటర్లలో మొదలుపెడతారు. జీతం సాఫ్ట్‌వేర్‌తో పోల్చుకునేలా ఉండదు. మీరు నమ్మిన మనిషి మళ్లీ లోపలికి రావచ్చు కూడా. అది తట్టుకోగలరా అని ముందే మిమ్మల్ని మీరు అడగండి.

దానికి ఓ తేలికైన పరీక్ష ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్ అవకాశాల గురించి కనుక్కోండి. జైళ్లలోని న్యాయసహాయ కేంద్రాల్లోనూ ఈ వాలంటీర్లు పనిచేస్తారు. కొన్ని నెలల్లోనే ఇది మీకు సరిపడుతుందో లేదో తేలిపోతుంది.

చెల్లెలికి ఇదంతా ఫోన్‌లో చెప్పా. ‘అయితే ముందు వికారాబాద్ పోయి ఆ వాలంటీర్ సంగతి అడిగొస్తా’ అంది. నాకూ ఓ పని మిగిలింది. ఈసారి ఊరెళ్తే ఆ దోస్తు ఇంటికి పోవాలి... ఫోన్ జేబులో పెట్టుకుని.