తాతనాటి బుల్లెట్టు – నేటి సింగారము

వంటయింటి ముచ్చటలు వ్రాయవలసిన చోట మోటారుసైకిళ్ల ప్రసంగ మేమని మీలో కొందరు నవ్వుకొందురేమో! కాని యింటి సొమ్ము వెచ్చమగు పని యేదియు ఇల్లాలికి పరాయిది కాదు. అందును ఆ బండి వెనుక సీటుపై కూర్చుండువారము తఱచుగా మనమే గదా.

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. కర్నూలునుండి కడప మీదుగా చిత్తూరునకు పోవు 40వ నంబరు జాతీయ రహదారిలో నది యొక భాగము. తూర్పున నల్లమల కొండలు కానవచ్చుచుండును. ఒక దిక్కున మహానంది, మఱియొక దిక్కున అహోబిలము. నడుమ పల్లెలు, పొలములు. ఇట్టి సీమలో కారు కొనలేని కాలమున బుల్లెట్టు బండి గల యింటికి ఊరిలో నొక గౌరవ ముండెడిది. తాతగారు పోయినను ఆ బండిని అమ్మ మనసొప్పక రేకుల కొట్టములో నిలిపి, పైన గోనెపట్టా కప్పియుంచిన కుటుంబము లనేకము. ఇప్పుడు మనుమలు ఆ పట్టా తీసి, “దీనిని క్రొత్తరీతిగా మార్పించెదము” అని పట్టుబట్టుచున్నారు. 2021లో మోహన భోగరాజు పాడిన “బుల్లెట్టు బండి” పాట వచ్చినది మొదలు పెండ్లియిండ్లలోను ఈ బండికి పేరు మఱింత హెచ్చినది.

ఈ బండి పుట్టినిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణము. రాయల్ ఎన్‌ఫీల్డువారు 1932లో బుల్లెట్టను పేరు పెట్టిరి. మన సైన్యము సరిహద్దుల కావలికి దీని నెన్నుకొనగా, 1955లో మద్రాసు మోటార్సువారు ఆ కంపెనీతో కలసి ఎన్‌ఫీల్డు ఇండియాను స్థాపించిరి. అటుపిమ్మట పుట్టినింటనే కర్మాగారము మూతపడినది. మెట్టినింట మాత్రము నేటికిని వంశము నిలిచియున్నది. మైసూరులో తయారైన జావా, యెజ్డీలకు 1996లో కర్మాగారమే మూతపడుటచే, వాని పాత విడిభాగములకై వెదకులాట యెక్కువ.

పాత బుల్లెట్టును నడుపుటయే యొక విద్య. 346 సి.సి. ఇంజను, పిస్టను సంచరించు దూరము 90 మిల్లీమీటర్లు, సిలిండరు వెడల్పు 70 మాత్రమే. ఆ పొడుగాటి నడకవలననే దానికా “డుగ్గు డుగ్గు” శబ్దము. తాళము త్రిప్పి, ఆంపియరు మీటరు ముల్లు నడుమకు వచ్చువఱకు కిక్కురాడ్డును మెల్లగా త్రొక్కి, డీకంప్రెషను లివరు నొక్కి, పిమ్మట నొక్క త్రొక్కు త్రొక్కవలయును. తప్పినచో రాడ్డు ఎదురుతన్ని కాలు బెణకును. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. నేటి బండ్ల కిది తలక్రిందులు.

కావుననే మార్పులన్నియు వేడుకకే యనుట న్యాయము కాదు. 6 వోల్టుల దీపము గ్రుడ్డిదీపమువలె వెలుగుచుండగా 12 వోల్టులకు మార్పించుకొనుట రాత్రి ప్రయాణమునకు మేలు. ప్లాటినము పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెట్టించినచో మాటిమాటికి మెకానిక్కు షెడ్డునకు పోవు పని తగ్గును. పెట్రోలు ఖర్చునకు వెఱచి డీజిలు ఇంజను బిగింపించుకొన్నవారును గలరు. కంపెనీవారే టారస్ అను పేరుతో 325 సి.సి. డీజిలు బుల్లెట్టును కొన్నేండ్లు అమ్మిరి. దాని వేగ మెద్దుబండిని మఱపించెడి దందురు గాని, సంసారపక్షపు బండి.

ఇక సింగారపు మార్పులు వేఱు. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాలో యువకులు మడ్‌గార్డులు కోసి, బరువు తగ్గించి, బాబరను రూపమును కల్పించిరి. లండనులో కాఫీహోటళ్లయొద్ద గుమిగూడు పడుచువాండ్రు హాండిలు క్రిందికి దించి, వీపు వంచి పందెములు తోలిరి. దానికి కేఫే రేసరని పేరు. ఈ రెండు రూపములను మన కుఱ్ఱవాండ్రు ఫోనులో చూచి మెచ్చుచున్నారు. చూపున కందమే, కాదనను. కాని ఒక్క సీటు మిగిల్చి వెనుక సీటు తీసివేసిన బండిపై భార్య యెక్కడ కూర్చుండును? తల్లిని ఆసుపత్రికి దేనిపై గొనిపోవును? ఇంటిబండి యనిపించుకొనుటకు ఇల్లాలికి చోటుండవలదా!

అన్నిటికన్న ముందు తీసి పాఱవేయునది శారీ గార్డు. అది వికారమని వారి మాట. కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 123వది చదివినచో, వెనుక కూర్చుండువారికి పట్టుకొనుటకు పిడియు, కాలుంచుటకు ఫుట్‌రెస్టును, బట్టలు చిక్కుకొనకుండ వెనుక చక్రమును సగమునకు తగ్గకుండ కప్పు గార్డును ఉండితీరవలెనని స్పష్టముగా గలదు. చీరకొంగో, చున్నీయో చువ్వలలో చుట్టుకొన్నచో కనుఱెప్పపాటులో మనిషిని క్రిందికి లాగివైచును. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొనుమని మనకు చెప్పుటకన్న, గార్డు తీయకుమని వారికి చెప్పుట సులభము. హెల్మెట్టు వెనుకవారికిని విధియే యని వేఱుగ చెప్పనక్కఱలేదు.

చట్టము సంగతి కొంచెము కఠినము. ఆర్.సి.లో వ్రాయబడిన వివరములు, కంపెనీవారు మొదట నిర్ణయించిన కొలతలు మాఱునట్లు బండిని మార్పరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను. 2019 జనవరిలో సుప్రీంకోర్టును ఆ మాటనే గట్టిగా చెప్పినది. అదే సంవత్సరపు సవరణచే, అనుమతిలేని మార్పు చేయించిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాయో, ఆరు నెలలవఱకు జైలో, రెండునో విధింపవచ్చును. శిక్షకు పాత్రుడు యజమాని! బండి ఇంకను తాతగారి పేరనో, నాయనమ్మ పేరనో ఉన్నదేమో ముందుగా కాగితములు తీసి చూడుడు. ఇంజను మార్చిన సంగతి భీమా కంపెనీకి తెలుపనిచో, ప్రమాదమైననాడు పరిహారమునకు పేచీ రావచ్చును. అంగవైకల్యము గలవారికై అదనపు చక్రములు పెట్టించుటకు మాత్రము చట్టమే త్రోవ చూపుచున్నది. దానికి రవాణా కార్యాలయమున విచారింపవలెను.

మఱియొక విశేష మున్నది. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటిన బండ్లను వింటేజి వాహనములుగ నమోదు చేయుటకు 2021లో నిబంధనలు వచ్చినవి. నంబరులో “వి.ఏ.” అను అక్షరములు వచ్చును, రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు. అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు నడుపుకొనవచ్చును గాని నిత్యము సంతకు తోలరాదు. అన్నిటికిని మించిన షరతు, బండి తన మొదటి రూపమున నుండుట. ఫ్రేము కోసినవానికి ఈ గౌరవము దక్కదు.

ఆళ్లగడ్డ శిల్పులు రాతిలో వలదనిన భాగమును ఉలితో తీసివైచి దేవతామూర్తిని వెలయింతురు. బాబరు చేయువారిదియు తీసివేయు విద్యయే. అయితే శిల్పి తీసిన పెచ్చు మరల అతుకదు. బోల్టు విప్పి తీసిన మడ్‌గార్డు అతుకును. కావున మీ యబ్బాయి పట్టు విడువనిచో, కోతయు వెల్డింగును లేక విప్పి బిగించు మార్పులు మాత్రమే చేయింపుమనుడు. తీసిన టూల్‌బాక్సు, పాత సైలెన్సరు, గుండ్రని దీపపు గిన్నె షెడ్డులో వదలి రానీయకుడు. నూనెగుడ్డతో తుడిచి, గోనెసంచిలో మూటగట్టి, పేరు వ్రాసి అటకపై నుంచుడు. 1978లో రిజిస్టరైన బండికి 2028లో 50 ఏండ్లు నిండును.