బెత్తం లేని బడిలో క్రమశిక్షణ ఎలా?

హైస్కూలు దశలో దండన కన్నా ఆసరాయే మిన్న

జంగారెడ్డిగూడెం: ‘దండం దశగుణం భవేత్’ అన్న నానుడిని బడికి అన్వయించే అలవాటు నేటికీ పూర్తిగా పోలేదు. బెత్తం పక్కన పెడితే పిల్లలు మాట వింటారా అని కొందరు ఉపాధ్యాయులు, నాలుగు తగలకపోతే చదువెలా వస్తుందని కొందరు తల్లిదండ్రులు ప్రశ్నిస్తుంటారు. చట్టం నిషేధించినది దండననే గాని క్రమశిక్షణను కాదు.

చట్టం ఏమంటోంది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ప్రభుత్వం 2002 ఫిబ్రవరిలో జీవో 16 ద్వారా 122వ విద్యా నిబంధనను సవరించి అన్ని విద్యాసంస్థల్లో శారీరక దండనను నిషేధించింది. 2010 ఏప్రిల్‌ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌ మానసిక వేధింపును కూడా నేరుగా నిషేధించింది. ఎలిమెంటరీ విద్య ముగిసేవరకు విద్యార్థిని బడి నుంచి తొలగించరాదని 16వ సెక్షన్‌ చెబుతోంది. కనుక ఎనిమిదో తరగతి లోపు వారిని ‘టీసీ ఇచ్చి పంపేస్తాం’ అని బెదిరించడం చెల్లదు.

అల్లరి వెనుక కారణం

ఎనిమిది నుంచి పది తరగతులు కౌమార దశ. ఈ వయసులో ఎదురు మాట్లాడటం, తరచూ గైర్హాజరు కావడం, ఉన్నట్టుండి మౌనం దాల్చడం చాలాసార్లు వేరే ఇబ్బందికి సూచనలు. ఈ ప్రాంతంలో వాటికి ప్రత్యేక కారణాలూ ఉంటాయి. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం మన్యంలోని కోయ, కొండరెడ్డి పిల్లలు పలువురు ఇల్లు విడిచి ఆశ్రమ పాఠశాలల్లో చదువుతుంటారు. పోలవరం ముంపు గ్రామాల కుటుంబాలు తాడువాయి పునరావాస కాలనీకి తరలివచ్చాయి. ఊరు, నేస్తాలు ఒక్కసారిగా దూరమైన పిల్లవాడి కోపాన్ని పొగరుగా భావిస్తే మందు మారిపోతుంది.

ఉపాధ్యాయులు చేయదగినవి

తరగతి నియమాలు నాలుగైదుకు మించకుండా, విద్యార్థులతో చర్చించి ఏర్పరచాలి. తప్పు చేస్తే దానికి తగిన బాధ్యతనే అప్పగించాలి. గోడ పాడుచేసినవాడు దాన్ని శుభ్రం చేయడం సబబు, గుంజీలు తీయడం కాదు. మందలింపు ఏకాంతంలో, మెచ్చుకోలు పదిమందిలో ఉండాలి. వరుసగా మూడు రోజులు రాకుంటే తరగతి ఉపాధ్యాయుడే ఇంటికి కబురు చేయాలి. ఏం జరిగిందో తేదీతో రాసి ఉంచితే తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు వాదనకు తావుండదు.

అన్ని రహస్యాలూ దాచరాదు

విద్యార్థి మనసు విప్పితే ఓపికగా వినాలి. కాని ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వరాదు. లైంగిక వేధింపు జరిగినట్లు తెలిస్తే పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. సంస్థ అధిపతి దాచిపెడితే ఏడాది వరకు జైలుశిక్ష, జరిమానా పడే అవకాశముంది.

కౌన్సెలర్‌ ఉండాల్సిందే

విశాఖపట్నంలో నీట్‌ శిక్షణ పొందుతూ 2023లో మృతిచెందిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న మార్గదర్శకాలు జారీచేసింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హుడైన కౌన్సెలర్‌ను గాని, సైకాలజిస్టును గాని, సామాజిక కార్యకర్తను గాని నియమించాలి. చిన్న సంస్థలు బయటి నిపుణుల సేవలు పొందాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయరాదని, విద్యార్థులను బహిరంగంగా అవమానించరాదని కూడా ఆదేశించింది. మీ పిల్లల బడిలో ఈ బాధ్యత ఎవరిదో తల్లిదండ్రులు ప్రధానోపాధ్యాయుడిని అడిగి తెలుసుకోవచ్చు.

సహాయానికి: చైల్డ్‌లైన్‌ 1098, మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్‌ 14416.