కార్డు వివరాలు దుకాణం నుంచి పోతే నష్టం ఎవరిది?

బ్యాంకు కార్డు పోగొట్టుకోకుండా, రహస్య సంఖ్య ఎవరికీ చెప్పకుండా, ఏ మోసపు ఫోనుకూ సమాధానం ఇవ్వకుండా జాగ్రత్తగా ఉన్న మనిషి ఖాతా నుంచి కూడా సొమ్ము పోవచ్చు. కార్డు మీది పదహారు అంకెలు, గడువు తేదీ, వెనుకవైపు ముద్రించిన మూడంకెల సీవీవీ ఎక్కడో ఒక వ్యాపారి కంప్యూటర్ల గుండా ప్రయాణిస్తాయి. ఆ కంప్యూటర్లలోకి దొంగలు చొరబడి వేలాది ఖాతాదారుల వివరాలను ఒకేసారి తవ్వుకుపోవడాన్నే డేటా చౌర్యం అంటున్నారు. తిరుపతి వంటి యాత్రాస్థలంలో లాడ్జీల్లోనూ బట్టల దుకాణాల్లోనూ గీకే కార్డుల్లో చాలా భాగం పరరాష్ట్రాలవి. చిత్తూరు, కుప్పం ప్రాంతాలవారు పెళ్ళి బట్టలకూ బంగారానికీ వేలూరు, చెన్నై, బెంగళూరు వెళ్ళడం పరిపాటి. అందువల్ల వివరాలు ఏ ఊళ్ళో, ఏ దుకాణంలో పోయాయో కార్డుదారుకు తెలిసే అవకాశం చాలా తక్కువ.

ఇటువంటి చౌర్యాల్లో ప్రపంచమంతా చెప్పుకొన్నది 2013 చివర అమెరికాలోని టార్గెట్ దుకాణాల ఉదంతం. ఆ సంస్థకు శీతలీకరణ యంత్రాల పనులు చేసే ఒక గుత్తేదారు లాగిన్ వివరాలను దొంగిలించి లోపలికి ప్రవేశించిన ముఠా, బిల్లు కౌంటర్లలోని యంత్రాల్లో దొంగ ప్రోగ్రామును నాటి, సుమారు 4 కోట్ల కార్డుల వివరాలను సంగ్రహించింది. మన దేశంలో 2016లో 32 లక్షల డెబిట్ కార్డుల భద్రత ప్రశ్నార్థకమైనప్పుడు చొరబాటు జరిగింది దుకాణంలో కాదు, ఏటీఎంల లావాదేవీలను నడిపే ఒక సేవాసంస్థ వ్యవస్థలో. స్టేట్ బ్యాంకు అప్పుడు దాదాపు 6 లక్షల కార్డులను నిలిపివేసి కొత్తవి ఇచ్చింది. నిజంగా సొమ్ము పోయినట్లు ఫిర్యాదు చేసినవారు మాత్రం 641 మందేననీ, పోయిన మొత్తం సుమారు 1.3 కోట్ల రూపాయలనీ జాతీయ చెల్లింపుల సంస్థ అప్పట్లో ప్రకటించింది. వివరాలు పోయిన ప్రతివారికీ సొమ్ము పోదు గానీ, ఎవరికి పోతుందో ముందుగా చెప్పలేరు గనుక, చౌర్యం వార్త వెలువడిన వెంటనే కార్డు మార్పించుకోవడమే తెలివైన పని.

ఆన్‌లైన్ కొనుగోళ్ళకు 2009 నుంచే రెండో ధ్రువీకరణను తప్పనిసరి చేయడం వల్ల, నేడు ఓటీపీ రూపంలో సాగుతున్న ఆ కట్టడి వల్ల, దొంగిలించిన అంకెలతో మన దేశపు వెబ్‌సైట్లలో కొనడం కష్టమైంది. 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు కార్డు సంఖ్యను తమ వద్ద దాచుకోరాదనీ, దానికి బదులు టోకెన్ అనే మారు సంఖ్యను మాత్రమే ఉంచుకోవాలనీ రిజర్వు బ్యాంకు శాసించింది. ఆ టోకెన్ ఒక్క వ్యాపారి దగ్గర తప్ప మరోచోట చెల్లదు కాబట్టి, దొంగ చేతికి చిక్కినా ప్రయోజనం స్వల్పం. అయితే ఓటీపీ అడగని విదేశీ వెబ్‌సైట్లు ఉన్నాయి. అందుకే అంతర్జాతీయ లావాదేవీల సదుపాయాన్ని అవసరం లేనప్పుడు బ్యాంకు యాప్‌లో ఆపి ఉంచుకోవడం, ఈ విషయంలో చెప్పే జాగ్రత్తలన్నిటిలోకీ విలువైనది.

ఇంత కట్టడి ఉన్నా సొమ్ము పోతే దాన్ని ఎవరు భరించాలన్న ప్రశ్నకు రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీచేసిన సర్క్యులరులో సమాధానం ఉంది. లోపం బ్యాంకుదైతే ఖాతాదారుకు ఎటువంటి భారమూ ఉండదు. లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మధ్యలో మరెక్కడో ఉంటే, అంటే దుకాణపు డేటా చౌర్యం వంటి సందర్భంలో, లావాదేవీ సమాచారం అందిన తర్వాత 3 పనిదినాల్లో బ్యాంకుకు తెలియజేసినవారు ఒక్క రూపాయి కూడా నష్టపోనక్కరలేదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే సాధారణ పొదుపు ఖాతాకు, 5 లక్షల లోపు పరిమితి గల క్రెడిట్ కార్డుకు 10,000 రూపాయల వరకు, కనీస నిల్వ అక్కరలేని ప్రాథమిక ఖాతాకు 5,000 రూపాయల వరకు, పెద్ద పరిమితి గల క్రెడిట్ కార్డుకు 25,000 రూపాయల వరకు ఖాతాదారు భరించవలసి వస్తుంది. ఏడు పనిదినాలు దాటితే నిర్ణయం ఆయా బ్యాంకుల సొంత విధానానికి వెళ్ళిపోతుంది.

పనిదినాల లెక్కలోనే చాలామంది పొరబడతారు. సమాచారం అందిన రోజును లెక్కించరు. ఖాతా ఉన్న శాఖ పనిచేసే రోజులనే లెక్కిస్తారు. గురువారం సాయంత్రం సందేశం వచ్చి, ఆ వెంటనే రెండో శనివారం, ఆదివారం సెలవులైతే, మూడో పనిదినం మంగళవారం అవుతుంది. దర్శనానికి వచ్చిన షోలాపూరు భక్తుని విషయంలో చూడవలసింది తిరుపతి సెలవులు కాదు, షోలాపూరు శాఖ సెలవులు. ఈ లెక్కను నమ్ముకొని ఆలస్యం చేయమని కాదు, ఎందుకంటే సొమ్ము చేతులు మారేది నిమిషాల్లో.

ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లోగా వివాదంలో ఉన్న మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా ఖాతాలో జమచేయాలి. 90 రోజుల్లోగా తేల్చాలి. అన్నిటికన్నా ముఖ్యం, తప్పు ఖాతాదారుదేనని రుజువు చేసే బాధ్యత బ్యాంకు మీదే ఉంది. శాఖల్లో తరచుగా వినిపించే “మీరే ఓటీపీ చెప్పి ఉంటారు” అన్న మాట ఒక అనుమానమే తప్ప రుజువు కాదు.

ఈ నియమం న్యాయస్థానంలో పరీక్షకు నిలిచింది కూడా. అస్సాంకు చెందిన ఒక వినియోగదారుడు 2021 అక్టోబరులో ఒక దుస్తుల కంపెనీ వెబ్‌సైట్లో కొన్న వస్తువును తిరిగి ఇవ్వబోయినప్పుడు, ఆ కంపెనీ ప్రతినిధినంటూ ఫోన్ చేసిన మోసగాడి మాటతో ఒక యాప్‌ను దింపుకోగా, స్టేట్ బ్యాంకు ఖాతా నుంచి 94,204 రూపాయలు పోయాయి. కంపెనీ వెబ్‌సైట్లో చౌర్యం జరిగిందని తేలింది. అతడు 24 గంటల్లోపే బ్యాంకుకు తెలిపాడు. అతని నిర్లక్ష్యాన్ని బ్యాంకు నిరూపించలేకపోయిందని గౌహతి హైకోర్టు సొమ్ము చెల్లించమనగా, 2025 జనవరి 3న సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యానికి నిరాకరించింది. ఖాతాదారులు ఓటీపీని ఎవరికీ చెప్పరాదని కూడా అదే ఉత్తర్వులో హెచ్చరించింది.

ఆ హెచ్చరిక తిరుపతికి బాగా వర్తిస్తుంది. దర్శనం టికెట్లు, గదుల పేరిట పుట్టుకొచ్చే నకిలీ వెబ్‌సైట్ల గురించి తిరుమల తిరుపతి దేవస్థానం పలుమార్లు హెచ్చరించింది. అటువంటి చోట భక్తుడు తానే వివరాలు నింపి, తానే ఓటీపీ ఇస్తాడు కాబట్టి బ్యాంకు దాన్ని ఖాతాదారు నిర్లక్ష్యంగా పరిగణిస్తుంది. ఆ వర్గంలో, ఫిర్యాదు చేసేవరకు జరిగిన నష్టం ఖాతాదారుదే. ఆ తర్వాత జరిగినది మాత్రం బ్యాంకుది. భక్తితో చేసిన పొరపాటుకు నియమాల్లో మినహాయింపు లేదు.

తెలియని ఖర్చు కనిపించగానే ముందు యాప్‌లోనో ఫోన్ ద్వారానో కార్డును నిలిపివేయించి, ఫిర్యాదు సంఖ్యను రాసుకొని, అదే విషయాన్ని ఈమెయిల్‌గానో శాఖలో ముద్రవేయించుకున్న అర్జీగానో లిఖితపూర్వకంగా ఇవ్వాలి. సైబర్ నేరాల ఫిర్యాదుల కోసం ఉన్న 1930 నంబరుకు ఫోన్ చేయడం సొమ్మును దారిలో ఆపించడానికి ఉపకరిస్తుంది గానీ, బ్యాంకుకు ఇచ్చే ఫిర్యాదుకు అది ప్రత్యామ్నాయం కాదు. బ్యాంకు 30 రోజుల్లో స్పందించకపోయినా, సమాధానం సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. 2017 సర్క్యులరు గ్రామీణ బ్యాంకులకూ వర్తిస్తుంది. చిత్తూరు కేంద్రంగా పనిచేసిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో విలీనమైంది కాబట్టి, పాత ఖాతాదారులు తమ ఫోన్ నంబరు కొత్త రికార్డుల్లో సరిగా ఉందో లేదో చూసుకోవాలి. సందేశం అందని మనిషికి ఖర్చు సంగతి సకాలంలో తెలిసే మార్గమే ఉండదు.

వివరాలను పోగొట్టిన దుకాణం మాటేమిటన్న ప్రశ్న సహజమే. తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే వీలు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఉంది. కానీ ఆ జరిమానా భారత సంచిత నిధికి జమ అవుతుంది, నష్టపోయినవారికి అందదు. వారు తమ సొమ్మును ముందుగా అడగవలసింది బ్యాంకునే.