శరత్కాలమున పక్షిదర్శనము

వానలు వెనుకబట్టి ఆకాశము తేటపడు ఆశ్వయుజమాసము పక్షులను చూచుటకు మిక్కిలి యనువైన కాలము. వర్షర్తువున పుట్టిన పిల్లలు రెక్కలు వచ్చి తిరుగుచుండును. ఉత్తరదేశపు వలసపక్షులు అప్పుడప్పుడే దిగుచుండును. ఈ రెండు తెగలను ఒక్కదినముననే చూడవచ్చునని తలంచి, దసరా సెలవులలో నొకనాడు తెల్లవారుజామున కొందఱు విద్యార్థులను వెంటబెట్టుకొని, గుంటూరునకు సమీపమున నున్న ఉప్పలపాడు చెరువునకు బయలుదేరితిమి.

దారిలో తీగపై నల్లని పిట్ట యొకటి కూర్చుండెను. మేము దానిని కాకిజాతిలోనిదని చెప్పితిమి. వెంటనే యొక పల్లెటూరి విద్యార్థి, “కాదండి మాస్టారూ, అది పసులపోలిగాడండి. గూటిదగ్గఱకొస్తే కాకినే తరుముతుందండి” అనెను. నిలిచి చూచితిమి. దాని తోక చీలియున్నది. మేయు గేదెల కాళ్లకు బెదరి యెగిరిన మిడుతలను అది గాలిలోనే పట్టుచున్నది. నలుపు మాత్రమే చూచి పొరబడితిమని విద్యార్థుల యెదుట నొప్పుకొంటిమి. పక్షి నెఱుగుటకు రంగొక్కటే చాలదు. తోక, ముక్కు, నడక, మేత అన్నియు చూడవలెను.

పిమ్మట చేనిగట్టుపై పాలపిట్ట కనబడెను. ఒక బాలుడు జేబులోని పంగలకఱ్ఱను తీయబోయెను. “కాస్త ఆగి చూడు నాయనా” అంటిమి. కూర్చున్నప్పుడు మట్టిరంగుగా దోచిన యా పిట్ట యెగురగానే రెక్కలలోని నీలిమ యంతయు విప్పారెను. బాలుని చేయి జేబులోనే నిలిచిపోయెను. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని మనవారి నమ్మకము. అయితే కొందఱు దానిని పట్టి, పంజరమున బెట్టి, ఊరూర చూపుదురు. ఇట్లు పట్టుట 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. మిడుతలను, పురుగులను తినుచు రైతునకు మేలుచేయు పక్షిని బంధించుటలో శుభమేమున్నది?

చెరువు నడుమ చెట్లపై గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును గుంపులుగా నుండెను. గూడబాతు ముక్కుక్రింది సంచితో నీటిని, చేపలను కలిపి యెత్తి, నీటిని విడిచి చేపలను మ్రింగును. ఎఱ్ఱకాళ్ల కొంగ తెఱచిన ముక్కును నీటిలో నటునిటు త్రిప్పుచు, చేప తగిలినంతనే మూయును. దానికి స్పర్శయే చూపు. గ్రామస్థులు బెదరింపక కాపాడుటచేతనే యీ పక్షులిచ్చట నిలిచినవి.

దూరమున వలసబాతులు కొన్ని తేలుచుండెను. ఇట్టివి హిమాలయములకు ఆవలినుండియు వచ్చును. కేవలము చలికి వెఱచి వచ్చునని తలంపరాదు. ఈకలు వానికి మంచి కంబళ్లు. అచ్చటి నీరు గడ్డకట్టి మేత దొరకకపోవుటయే ముఖ్యకారణము.

సాయంకాలము తిరిగివచ్చుచు లెక్కింపగా, ఆ పల్లెటూరి విద్యార్థి పుస్తకమున మాకంటె నెక్కువ పేర్లుండెను. అవన్నియు తన తాతగారు చెప్పినవట. తలిదండ్రులారా, మీ యూరి పిట్టల పేర్లను మీ బిడ్డలకు చెప్పుడు. పేరెఱిగిన పిట్టపై రాయి విసరుటకు చేయి వెనుదీయును.